రెండో తప్పు

“ఇందులో ఇంకో తప్పుందండీ,” అంది కృపాజ్యోతి.

షెడ్డంతా ఘొల్లుమంది.

“పాసైపోయాక అడిషనల్ షీటు అడుగుతావేంటి చెల్లెమ్మా?” అన్నాడు డేవిడ్‌రాజు. అక్కడున్న నలుగురు మెకానిక్కుల్లో అతనే పెద్దవాడు.

పాసైన మాట నిజమే. నందిగామలో హైవే పక్కనున్న ఈ షెడ్డుకి పని అడగడానికి ఎవరొచ్చినా, మేస్త్రి సుబ్బరాయుడు ముందు తన పాత పెట్రోలు వ్యాను చూపిస్తాడు. అందులో తన చేత్తోనే ఒక తప్పు పెట్టి ఉంచుతాడు. పట్టుకున్నవాడికి పని. పట్టుకోలేనివాడికి టీ ఇప్పించి బస్సెక్కిస్తాడు. ఆ నలుగురూ అలా నెగ్గి వచ్చినవాళ్ళే. ఇవాళ కృపాజ్యోతి కూడా నెగ్గింది. ఇంజను నడుస్తుండగానే, పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్ల కనెక్టర్లూ ఒక్కోటీ ఊడదీసి చూసింది. ఏది ఊడదీసినా ఇంజను కుంగింది, రెండోది ఊడదీస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. అంటే దానికి కరెంటే అందట్లేదు. చూస్తే కనెక్టరు లోపల ఒక పిన్ను వెనక్కి నెట్టేసి ఉంది. సన్నటి కొక్కెంతో దాన్ని ముందుకి లాగేసరికి వ్యాను హుషారుగా అందుకుంది. పావుగంట కూడా పట్టలేదు.

“సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా,” అని సుబ్బరాయుడు అననే అన్నాడు.

మూడేళ్ళ పిల్లని జగ్గయ్యపేటలో అత్తగారు లూర్దమ్మకి అప్పజెప్పి వచ్చిన తల్లి, ఆ మాట వినగానే బస్టాండుకి పరిగెత్తాలి. కృపాజ్యోతి కాళ్ళు కదల్లేదు.

“వినండి సార్. కాసేపు బానే కొట్టుకుంటోంది, ఉన్నట్టుండి ఒకసారి తడబడుతోంది.”

“అది దాని తత్వం,” అన్నాడు సుబ్బరాయుడు. “మూడేళ్ళ నుంచీ అంతే. ఇంజెక్టర్లు మార్చా, కాయిల్ మార్చా, స్కానర్ పెట్టి చూశా. ముసలి బండి, ఆమాత్రం దగ్గు ఉండదా?”

“పిల్లకి మూడేళ్ళ నుంచీ దగ్గుంటే ఊరుకుంటామా అండీ?”

డేవిడ్‌రాజు నవ్వు ఆపేశాడు.

ఇంతలో ఫోను. లూర్దమ్మ.

“నీ కూతురు ముద్ద ముట్టట్లేదే జ్యోతీ. అమ్మే పెట్టాలంట. ఆ గ్రీజు పనేదో తొందరగా తెముల్చుకు రా.”

“పెరుగన్నంలో కాస్త పంచదార వెయ్యండి అత్తయ్యా, తింటుంది. మూడింటి బస్సుకి వచ్చేస్తున్నా,” అంటూనే, రెండో చేత్తో ఇంజెక్టర్ల వైర్లు ఒక్కోటీ కదిపి చూస్తోంది. నాలుగోదాని దగ్గర, వైరు వంపు తిరిగే చోట, వేలు తగలగానే ఇంజను గుక్క పట్టినట్టయి మళ్ళీ తేరుకుంది. ఇంకోసారి కదిపింది. మళ్ళీ అంతే.

“ఉంటా అత్తయ్యా. ఇదిగోనండీ మేస్త్రి గారూ! పైన తొడుగు బానే ఉంది. లోపల రాగి తీగలు తెగిపోయినట్టున్నాయి. అదిరినప్పుడల్లా కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. కోసి చూపించనా?”

సుబ్బరాయుడి మొహం ఎర్రబడింది. హైవే మీద గరికపాడు నుంచి పరిటాల దాకా ఏ బండి మొరాయించినా ఆయన పేరే చెప్తారు. అలాంటిది, టెన్తుతో చదువాపేసిన పిల్ల, నలుగురి ముందు, ఆయన సొంత బండికి వంక పెడుతోంది!

“ఆ వైరు మీటరు పెట్టి చూశాన్నేను. బానే ఉంది.”

“ఆపి చూస్తే బానే ఉంటుందండీ. లారీల వైరింగ్ చేసేటప్పుడు మా నాన్న అనేవారు, కదిపి చూడమని.”

“చాల్లే అమ్మాయ్! పనిచ్చా కదా, ఇంటికెళ్ళు. ఆ వైరు మీద కటింగ్ ప్లేయర్ పెట్టావో, సోమవారం నువ్వు పనిలోకి రానక్కర్లేదు.”



ఈ పనికి రావడానికి కృపాజ్యోతి అత్తగారిని నెల రోజులు బతిమాలుకుంది. జూన్‌లో పిల్లని స్కూల్లో వెయ్యాలి. నోరు మూసుకుని బస్సెక్కితే చాలు, ఉద్యోగం చేతిలో ఉన్నట్టే. అంతలో వ్యాను మళ్ళీ తడబడింది. చెవిన పడ్డాక పడనట్టు ఎలా పోతుంది?

ఇంజను ఆపింది. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసింది. వైరు కోసేసింది.

లోపల రాగి నల్లగా కమిలిపోయి, వెంట్రుకంత తీగ ఒక్కటే మిగిలుంది. దాన్ని ఎవరి మొహం మీదా ఆడించలేదు. పాడైన ముక్క తీసేసి, కొత్త ముక్క కలిపి, సోల్డరింగ్ పెట్టి, పైన స్లీవు తొడిగి, వంపు దగ్గర లాగకుండా కాస్త వదులుగా కట్టింది.

టెర్మినల్ బిగించి తాళం తిప్పింది. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. ఒక్క తడబాటు లేదు. నిద్రపోతున్న పిల్ల ఊపిరిలా సాఫీగా నడుస్తోంది ఇంజను.

“మేస్త్రీ, ఇది మన వ్యానేనా?” అన్నాడు డేవిడ్‌రాజు.

కృపాజ్యోతి చేతులు తుడుచుకుని బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఉద్యోగం పోయిందని తెలుసు. అయినా ఎందుకో తల దించుకోబుద్ధి కాలేదు.

“వెళ్ళొస్తానండీ.”

“ఆగు. నేను మాటంటే మాటే. సోమవారం నువ్వు పనిలోకి రానక్కర్లేదు.”

“తెలుసండీ.”

సుబ్బరాయుడు ఇంజను ఆపి, తాళం తీసి, ఆమె చేతిలో పెట్టాడు.

“రేపే రా, ఇందులో తప్పు పెట్టడానికి. పరీక్ష ఈ నలుగురికీ, నాకూనూ.”