తండ్రి చూడని బిడ్డ

“తెర దించమ్మా! వాడొస్తాండాడు!”

వీధి అరుగు మీద నుంచి అత్త కదిరమ్మ వేసిన కేకకు అనసూయ ఉలిక్కిపడింది. పాలు తాగుతున్న బిడ్డను ఒక చేత్తో పొదువుకుని, రెండో చేత్తో దుప్పటి తెర లాగింది. ఆ వెంటనే గడపలో మొగుడు అశ్వత్థప్ప అడుగుల చప్పుడు వినిపించింది.

కబ్బన్‌పేటలో వాళ్లది చిన్న ఇల్లు. సగం మగ్గానికి, సగం మనుషులకు. బిడ్డ పుట్టినప్పటి నుంచి మనుషుల సగాన్ని ఈ తెర మళ్లీ రెండు చేసింది. పెళ్లయిన ఆరేళ్లకు కలిగిన తొలిచూలు, బంగారం లాంటి ఆడపిల్ల. వీధంతా చక్కెర పంచాల్సిన సంతోషం మీద పంచాంగం నీళ్లు చల్లింది. మూలా నక్షత్రం, మొదటి పాదం. తండ్రికి గండం! మూడో నెల మూల నాడు శాంతి చేయాలి, గిన్నెలో నూనె పోసి అందులో పడిన బిడ్డ నీడను తండ్రి చూడాలి, అందాకా ఆ ముఖం కంట పడకూడదు అన్నాడు అయ్యోరు.

కదిరమ్మ దానికి ఇంకో మాట చేర్చింది.

“శాంతి అయ్యేలోపల నా కొడుక్కు ఏమన్నా అయిందంటే, కాలికి ముల్లు గుచ్చుకున్నా సరే, ఈ పిల్లను కన్యాస్త్రీల మఠంలో ఇచ్చేసి వస్తా. నాకుండేది వాడొక్కడే.”

అన్నంత పనీ చేసే మనిషి ఆవిడ. ముప్పై ఏళ్ల కిందట ప్లేగులో మొగుణ్ణి పోగొట్టుకుని, ఒక్క కొడుకును కళ్లలో వత్తులు వేసుకుని పెంచింది. అనసూయ మాత్రం ఏం చేస్తుంది? పొద్దున లేస్తూనే ‘ఈ పొద్దుకు ఆయన చల్లగా ఉండనీ తల్లీ’ అని దణ్ణం పెట్టుకునేది. మొగుడు చల్లగా ఉంటేనే బిడ్డ ఒడిలో ఉంటుంది.

తెరకు అవతల చాప మీద కూర్చుని అశ్వత్థప్ప అడిగేవాడు.

“ఈ పొద్దు ఏం చేసింది?”

“ఏం చేస్తుంది? పాలు తాగింది, పండుకుంది. నవ్వింది.”

“ఎట్లా నవ్వింది?”

“బోసినోరు తెరిచి నవ్వింది. ఎట్లా నవ్వుతారయ్యా ఎవరైనా?”

“ముక్కు ఎవరిది?”

“మీ అమ్మది.”

“అయ్యో పాపం!” అని మెల్లగా నవ్వేవాడు. “కండ్లు?”

“నావి.”

తొలినెలలో ఒకరోజు కదిరమ్మ కొళాయి దగ్గరికి పోయినప్పుడు అనసూయ ఉండబట్టలేకపోయింది.

“ఇంత ఆశ పెట్టుకుని ఎందుకు ఈ తిప్పలు? ఒక్కసారి తెర తీసి చూడు. అత్త రావడానికి ఇంకా పొద్దుండాది.”

అవతల నుంచి ఒక చెయ్యి తెర అంచు దాకా వచ్చి ఆగింది.

“వద్దు అనసూయా. రేపు నాకేమన్నా అయితే…” అంటూ లేచిపోయాడు.

అనసూయకు ఒళ్లు మండింది. కన్నబిడ్డ కన్నా ప్రాణం అంత తీపా ఈయనకు! ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

రెండో నెలలో ఆయన మరీ మారిపోయాడు. తెర కింది సందులోంచి ఆమెకు ఆయన పాదాలే కనిపించేవి. మునుపు గబగబా వచ్చే పాదాలు ఇప్పుడు ఆచితూచి, ఒక్కొక్కటే పడుతున్నాయి. బిడ్డ దగ్గరికి రావడానికే భయపడుతున్నాడనుకుంది. మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది.

“ఏమప్పా, ఉత్త దారం కండెలు చుట్టుకుంటా కూర్చున్నావు? ఆ చీర అంచు ఎప్పుడు నేస్తావు?” అని కదిరమ్మ అడిగింది.

“యుద్ధం కదమ్మా. జరీ యాడ దొరుకుతాది? కిరసనాయిలు కూడా లేకపాయె.”

అదీ నిజమే. పేటలో సగం మగ్గాలు మూగపోయాయి. కానీ ప్రశ్నలు మాత్రం ఆయన మానలేదు. చెప్పిందే మళ్లీ చెప్పించుకునేవాడు. ముక్కు ఎట్లుండాది, చెవులు ఎట్లుండాయి, నవ్వితే బుగ్గ ఎట్లా పడుతుంది. ‘చూడను భయం, వినను ఆశ’ అని అనసూయ లోలోపల దెప్పుకునేది. అయినా విసుక్కోకుండా చెప్పేది. పిచ్చి మనసు, బిడ్డ గురించి ఎంత చెప్పినా దానికి తనివి తీరదు.

మూడో నెల మూల వచ్చింది. హోమం ముగిసింది. పట్టపగలు, వాకిలి నిండా వెలుతురు. అశ్వత్థప్ప తూర్పు ముఖంగా పీట మీద కూర్చున్నాడు. అయ్యోరు ఆయన ముందు కంచు గిన్నె టంగుమని పెట్టి, “తల్లీ, బిడ్డతో వెనక నిలబడు,” అన్నాడు. అనసూయ పొగకు ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన బిడ్డను భుజాన వేసుకుని మొగుడి వెనక నిలబడింది. ఎదురుగా కదిరమ్మ నిలబడి కొడుకు ముఖం వైపే చూస్తోంది. ఈ గడియ దాటితే చాలు, బిడ్డ ఈ ఇంటిదే.

అశ్వత్థప్ప గిన్నె మీదికి వంగాడు.

“అమ్మ ముక్కే,” అన్నాడు. “నీ కండ్లే. ఎంత బాగుండావే నా తల్లీ! చూడు అనసూయా, కండ్లు ఇంత చేసుకుని నన్నే చూస్తాండాది.”

మూడు నెలల కోపం ఒక్క పెట్టున కరిగిపోయి అనసూయకు ఏడుపొచ్చింది. అప్పుడే మేలుకుందా అని సంతోషంగా భుజం వైపు చూసుకుంది. బిడ్డ ఇంకా నిద్రపోతూనే ఉంది. ఏమీ అర్థం కాక అనసూయ తల ఎత్తింది.

గిన్నెలో చుక్క నూనె లేదు. నిండు నూనె చెంబు ఇంకా కదిరమ్మ చేతిలోనే ఉంది.