టీ ముట్టని పెళ్ళికొడుకు

పెళ్ళిచూపుల్లో సమీనా తెచ్చిచ్చిన టీని యూసుఫ్ ముట్టలేదు. ఆమె తండ్రి పీరాసాబ్ మొహం మాడ్చుకున్నాడు.

"ఏమప్పా, పిల్ల నచ్చకుంటే నోటితో చెప్పు. టీ మింద ఏం కోపం?"

"నచ్చినాది మామా," అన్నాడు యూసుఫ్, పెదవులు విప్పీ విప్పకుండా.

"మరి తాగు."

"పొద్దున్నుంచీ ఇంతే," యూసుఫ్ తల్లి దాదాబీ విసుక్కుంది. "బిరియానీ గూడా వద్దని పెరుగన్నం తిన్నాడు."

సమీనా తలెత్తింది. "పండ్లు తెల్లగా చేయించుకున్నారా?"

యూసుఫ్ తలూపాడు. "బోరు నీళ్ళకు మచ్చలు పడినాయి. రెండు దినాలు టీ, పసుపు కూరలు వద్దన్నారు డాక్టరు. నీకెట్లా తెలుసు?"

సమీనా నవ్వింది. ఆమె పళ్ళ మీద ఒక్క మచ్చ లేదు. "నాకు నిన్ననే చేసినారు."

దాదాబీ పీరాసాబ్ వైపు తిరిగింది. "పాలుండాయా అన్నా? ఇద్దరికీ తెప్పించు."