నలభై మెట్లు

ఆఫీసులో అతన్ని అందరూ భూతద్దం అంటారు.

స్టాక్ మార్కెట్లో చిన్న చిన్న కంపెనీలను వెతికి, తవ్వి, వాటి షేర్లు కొనొచ్చో లేదో చెప్పడం అతని పని. అతను రాసిందే ఒక పెద్ద ఫండుకి వేదవాక్కు.

ఆ ఉదయం ఇనుము పోతపోసే ఓ చిన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాడు. కాపలా ఆవిడ రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, కంపెనీ పేరున్న పసుపు హెల్మెట్ చేతికిచ్చింది.

ఏడాదిలో గాలి చట్టం రాబోతోంది. పొగలో మసి హద్దు దాటితే ఫ్యాక్టరీకి తాళమే.

ఈ కంపెనీ మూడేళ్ల క్రితమే ఉన్న డబ్బంతా పోసి పొగగొట్టానికి ఫిల్టరు పెట్టింది. పెట్టడం వేరు, నడపడం వేరు. కరెంటు బిల్లుకి జడిసి తనిఖీ రోజు మాత్రమే స్విచ్ వేసే ఘనుల్ని అతను బోలెడుమందిని చూశాడు.

ఇది రోజూ నడుస్తోందా? అతనికి తేలాల్సింది అదొక్కటే.

వరండా గోడ మీద వేలితో గీశాడు. వేలు నల్లబడింది.

"అది ఈ గొట్టంది కాదు బాబూ, పక్క ఫ్యాక్టరీది."

పసుపు హెల్మెట్ పెట్టుకున్న ముసలాయన. చేతిలో మడతపెట్టిన తెల్లగుడ్డ.

"ఎన్నాళ్ల నుంచి ఉన్నారండీ ఇక్కడ?"

"ఫిల్టరు పెట్టినప్పట్నించీ రోజూ వస్తున్నా. ఒక్కరోజు నాగా లేదు."

"అది రోజూ నడుస్తుందా?"

"నడవకపోతే నేనూరుకుంటానా? పైకి రండి. గొట్టానికి చిన్న కన్నం ఉంది. రోజూ దాని దగ్గర ఈ గుడ్డ పెట్టి చూస్తా. నలభై మెట్లే."

అతను మసిబారిన ఇనప మెట్ల వంక చూశాడు. తన తెల్లచొక్కా వంక చూసుకున్నాడు.

జీతమిచ్చే కంపెనీని పొగడక తిడతాడా? ఏ గూటి చిలుక ఆ గూటి పలుకే పలుకుతుంది అనుకున్నాడు.

"నా మాట నమ్మకం కుదరలేదు కదూ? అసలు నేనెవరంటే బాబూ..."

"అయ్యో, నమ్మకమేనండీ. టైమైపోయింది."

మధ్యాహ్నానికల్లా రిపోర్టు రాసేశాడు.

'ఫిల్టరు అలంకారానికే. గోడల నిండా మసి. చట్టం వస్తే మూతే. అమ్మేయండి.'

ఫండు అమ్మేసింది. షేరు అరవై నుంచి పదకొండుకి పడింది. అది చూసి బ్యాంకు అప్పు ఇవ్వనంది. ఎనిమిది నెలలకి గేటుకి తాళం పడింది. నూట అరవై మంది ఇళ్లకెళ్లిపోయారు.

"ముందే కనిపెట్టావోయ్ భూతద్దం!" అని బాస్ వీపు తట్టాడు.

చట్టం వచ్చింది. పొగ కొలిచే ఆఫీసువాళ్లు గత మూడేళ్ల లెక్కలు బయటపెట్టారు. ఆ వీధి మొత్తానికి హద్దు దాటని ఫ్యాక్టరీ ఒక్కటే ఉంది.

అతను మూయించిందే.

ఎవరూ పంపకుండానే వెళ్లాడు. తాళం వేసిన గేటు ముందు అదే కాపలా ఆవిడ.

"ఇక్కడో పెద్దాయన ఉండేవారు, తెల్లగుడ్డతో..."

"తాతయ్యా? పోయి రెండు నెలలైంది."

ఆవిడ గదిలోకెళ్లి ఓ మూట తెచ్చింది. "మీకిమ్మన్నాడు. ఆ అబ్బాయి ఎప్పటికైనా వస్తాడు, మెట్లెక్కే పని లేకుండా చూపించు అన్నాడు."

మూట విప్పాడు. నెలకొకటి చొప్పున దాచిన గుడ్డలు, మూలన తేదీలు. అట్టడుగున ఒక్కటే నల్లది, ఫిల్టరు పెట్టకముందుది. మిగతావన్నీ తెల్లగా ఉన్నాయి. తను వచ్చిన రోజుది కూడా ఉంది.

సిగ్గుతో అతనికి తల పైకి లేవలేదు. నలభై మెట్లు. అయిదు నిమిషాలు పట్టేది కాదు.

"మంచి ఉద్యోగి," అన్నాడు.

"ఉద్యోగేంటి బాబూ?"

"కంపెనీ హెల్మెట్ పెట్టుకున్నారుగా..."

"లోపలికెళ్లే వాళ్లందరికీ ఇస్తాం. మీకూ ఇచ్చాగా!"

ఆవిడ మూట మళ్లీ కట్టి అతని చేతుల్లో పెట్టింది.

"మనవరాలు ఈ పొగకే ఊపిరాడక పోయిందని, ఏడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, ఈ కంపెనీ మెడలు వంచి ఆ ఫిల్టరు పెట్టించింది ఆయనే."