ఇంట్లో ఉన్న పడవ

మూడు రోజులైనా కొర్లయ్య చేపల వేట నుంచి తిరిగి రాలేదు. బయట గాలి ఊళపెడుతోంది. గన్నెమ్మ బియ్యం డబ్బా మూత తీసింది. లోపల కొడుకు దాచిపెట్టిన వాటా పెట్టె పచ్చగా వెలుగుతోంది.

సముద్రం వేడెక్కి కానాగంత చేపలు సరిహద్దు గీత దాటి పక్కదేశం వైపు పోయాక, ప్రతి పడవకీ ఆ పెట్టె బిగించారు. పడవ ఎక్కడుందో అది రేవు ఆఫీసుకి చూపిస్తుంది, మన దేశం చేపల వాటా నిండగానే పడవని వెనక్కి తిప్పేస్తుంది. ఈ ఏడు వాటా నాలుగు రోజులకే నిండిపోయింది. అందుకే కొర్లయ్య పెట్టె ఊడబెరికి, ఉత్త పడవతో పోయాడు.

గన్నెమ్మ రేవు ఆఫీసుకి ఫోన్ చేసింది.

"మీ పడవ ఇంట్లోనే ఉన్నట్టు చూపిస్తోంది పిన్నీ."

"ఇంట్లో ఉన్నది పెట్టె బాబూ, పడవ కాదు! మావోడికి జన్మలో వేట లేకుండా చేసినా సరే, ముందు ఎతకండి."

"ఎటు పోయాడో చెప్పు పిన్నీ. ఆ దేశం వాళ్లనైనా బతిమాలతాం."

గన్నెమ్మకి తెలీదు. వేటకెళ్లేవాణ్ణి ఎక్కడికని అడిగితే కీడు. మొగుణ్ణి ఏనాడూ అడగలేదు. కొడుకునీ అడగలేదు. ఆ పొద్దు కూడా చద్దన్నం క్యారేజీ చేతికిచ్చి, మాట జారుతుందేమోనని పెదాలు బిగబట్టుకుంది.

"పిన్నీ, వింటున్నావా? ఎటు?"

ఫోన్ పడేసి వానలో ఒడ్డుకి పరిగెత్తింది. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"ఎక్కడికెల్తన్నావురా, కొర్లయ్యా?"