పైక్ పొట్టలో పాఠం

"కోసి చూడండి టీచరమ్మా. లోపల సీసం గుండ్లు లేకపోతే నా చెవి తెగ్గోసి మీ చేతిలో పెడతా" అన్నాడు కౌకో.

సైమీ కత్తి తీసుకుంది. బల్ల మీద ఆమె తమ్ముడు ఎయ్నో పట్టిన పైక్ చేప పడి ఉంది. ఏడు కిలోల రెండువందల గ్రాములు. కౌకో చేప సరిగ్గా ఏడు కిలోలు. ఏటా జూన్‌లో జాలర్ల సంఘం సరస్సు ఒడ్డున జరిపే ఈ పెద్ద పైక్ పోటీలో చేప తనంతట తాను మింగింది ఏదైనా బరువులో కలుస్తుంది. మనిషి కుక్కింది తేలితే మాత్రం వాడి పేరు సంఘం పుస్తకంలోంచి కొట్టేస్తారు. ఇక ఆ సరస్సులో వల వెయ్యడానికి లేదు. నలభై ఏళ్ళుగా వల తప్ప మరో బతుకు తెలియని ఎయ్నోకి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

"తీర్పు చెప్పేది అక్క, చేప తమ్ముడిది. బాగానే ఉంది వరస!" అని ఎవరో గొణిగారు.

ముప్ఫై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పిన సైమీకి ఒళ్ళు మండింది. "వాడు తప్పు చేశాడని తేలితే ఆ పేరు నా చేత్తో నేనే కొట్టేస్తాను. సరేనా?" అంది గట్టిగా. తమ్ముడు ఒట్టి మొండివాడే కానీ అబద్ధమాడే రకం కాదని ఆమె నమ్మకం.

ఎయ్నో ఇటు తిరిగి చూడలేదు. పొయ్యి దగ్గర కూర్చుని, అందరి భోజనానికి తెచ్చిన చేపలను చకచకా శుభ్రం చేస్తున్నాడు. పదేళ్ళప్పటి నుంచీ అంతే, చేతికి చేప తగిలితే చాలు, కత్తి దానంతటదే ఆడుతుంది.

సైమీ పైక్ నోరు తెరిచి పట్టుకుంది. "పళ్ళన్నీ లోపలికి వంగి ఉన్నాయి చూశారా? దొరికింది జారిపోకూడదని. గొంతు దాటగానే ఇదిగో, కడుపు. పొడుగు సంచి, ఎంత కావాలంటే అంత సాగుతుంది. దీని వెనక పేగు ఎంతనుకున్నారు? ఒంటి పొడుగంతే. నాచు తినే చేపలకైతే నాలుగైదింతలు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. మాంసం తొందరగా అరుగుతుంది కాబట్టి దీనికి అంత పేగు అక్కర్లేదు."

"పాఠం తర్వాత చెబుదురుగాని, ముందు సీసం తియ్యండి" అన్నాడు కౌకో.

ఆమె కడుపు సంచిని గొంతు వైపు నుంచి కాస్త కోసింది. జిగురులోంచి ఒక తోక బయటపడింది. ఆ సరస్సులోనే దొరికే సీకా అనే తెల్ల చేపది ఆ తోక. సైమీ సంచినీ పేగునూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేళ్ళతో నొక్కి చూసింది. గట్టిగా ఏమీ తగల్లేదు.

"సీసం లేదు, గీసం లేదు. అర కిలో సీకాని మింగింది, అంతే. తోక గొంతు వైపుంది, తల లోపలికుంది. పైక్ ఎప్పుడూ ఎరని తల వైపు నుంచే మింగుతుంది. ఏమయ్యా కౌకో, చెవి ఇప్పుడు కోయమంటావా, భోజనాలయ్యాకా?"

జనం గొల్లుమన్నారు. కౌకో మొహం కందగడ్డయింది. అయినా మనిషి మంచివాడు, టోపీ తీసి ఎయ్నో దగ్గరికి నడిచాడు. "నోరు జారాను, ఏమీ అనుకోకు" అన్నాడు. ఎయ్నో తల దించుకునే చెయ్యి కలిపాడు. తమ్ముడి పరువు దక్కినందుకు సైమీ కళ్ళు చెమర్చాయి. ఆ ఉత్సాహంలో ఆమెలోని టీచరు మళ్ళీ లేచి కూర్చుంది.

"వెళ్ళకండి, ఇంకొక్క నిమిషం! పైక్ పేగు చూశారుగా. చిన్న చిన్న పురుగులు తినే సీకా పేగు దీని పక్కన పెడితే తేడా తెలుస్తుంది. దాని కడుపు చివర వేళ్ళలాంటి తిత్తులు వందకు పైగా ఉంటాయి. పైక్‌కి ఒక్కటీ ఉండదు."

"చాల్లే అక్కా, వదిలెయ్. అందరికీ ఆకలేస్తోంది" అన్నాడు ఎయ్నో. చేతిలో కత్తి కింద పెట్టి లేచాడు.

"నువ్వూరుకోరా! బళ్ళోనూ ఇంతే, పాఠమనగానే పారిపోయేవాడివి" అని నవ్వి, సైమీ తోక పట్టుకుని సీకాని బయటికి లాగింది. నీళ్ళతో జిగురంతా కడిగింది. అందరికీ కనబడేలా బల్ల మీద వెల్లకిలా తిప్పింది.

సీకా పొట్ట అప్పటికే నీటుగా చీల్చి ఉంది, లోపల పేగే లేదు.