కోటు జేబులో కత్తి

"కేకు కోసే కత్తి యాడప్పా?" అని పాస్టరు అడగ్గానే, ఆళ్లగడ్డ పెండ్లికొడుకు యోబు టెరికాట్ కోటు జేబులోంచి మడతకత్తి తీశాడు. చుట్టాలు చప్పట్లు కొట్టారు.

నంద్యాల కందుల వ్యాపారి శాంతయ్య ఆ కత్తిని గుర్తుపట్టాడు. పొద్దున విడిదిలో అల్లుడు ఆ కత్తితోనే అరికాలి ఆనెకాయ చెక్కుకోవడం ఆయన చూశాడు. నలుగురిలో పరువు పోతుందని తటపటాయించేలోగా, యోబు కోసిన ముక్కను పెండ్లికూతురు లూదియా నోట్లో పెట్టేశాడు.

"నువ్వు గూడా తిను అల్లుడా," అన్నాడు శాంతయ్య.

"నాకొద్దు మామా," యోబు గొంతు తగ్గించాడు. "పొద్దున దాంతో కాలు చెక్కినా గదా."

శాంతయ్యకు కత్తి మీది అసహ్యం కాస్తా మనిషి మీదికి మళ్లింది. పుచ్చు సరుకని తెలిసీ అంటగట్టే రకం!

లూదియా విన్నది. నోట్లోది రుమాలులో ఉమ్మి, అదే కత్తితో పెద్ద ముక్క కోసి మొగుడి మూతి దగ్గర పెట్టింది.

"నోరు తెరువు. అందరూ చూస్తాండారు."