తిరిగొచ్చిన పళ్లబుట్ట

మా బీచ్ హోటల్లో గోల్డ్ కార్డున్న అతిథులకు పళ్లబుట్ట ఉచితం. శ్యామలాంబగారు ఏటా పళ్లు తిని, “ఖాళీగా ఇవ్వకూడదండి” అంటూ అందులో ఇంటినుంచి తెచ్చిన సున్నుండలు వేసి రిసెప్షన్లో నాకిచ్చేవారు. బయటి తిండి నిషేధమన్న బోర్డు కిందే నిలబడి తినేవాణ్ని.

ఈసారి గది ఖాళీ చేస్తూ బుట్ట ఇచ్చింది ఆవిడ భర్త వెంకటరాజుగారు. బుట్ట తేలిగ్గా ఉంది.

ఎక్కడో మర్యాద తప్పామనుకున్నాను. “ఏసీ సరిగా పనిచెయ్యలేదాండి? వచ్చేసారి సముద్రం వైపు గది ఇస్తానండి” అన్నాను.

“అదేం కాదండి. ఆవిడ మాఘంలో పోయింది. బుట్టలో ఏం వెయ్యాలో నాకు తోచలేదు. ఆవిడ గోల్డ్ కార్డే వేశాను, అడుగున చూడండి.”